కాలపు చిట్టా

గడియారమను మాటలో గడియ యున్నది. గడియ యనగా 24 నిమిషములు. దినమునకు 60 గడియలు. అడుగున సన్నని రంధ్రము గల రాగిగిన్నెను నీటిపై నుంచి, అది నిండి మునుగుటకు పట్టు కాలమును గడియగా లెక్కించి, గంట కొట్టి తెలుపు పద్ధతి మన దేశములో చిరకాలము నడచినది. ఆ గిన్నె కొలిచినది ఊరందరికిని ఉమ్మడియైన కాలము. ఆ గడియలో ఫలానివాడేమి చేసెనని అది ఎవరిని అడుగలేదు.

ఒక్కొక్క మనిషి కాలమునకు వేరువేరుగా లెక్క వ్రాయు యంత్రములు మిక్కిలి ఇటీవలివి. నేడు మన బల్లమీది కంప్యూటరులో కూర్చుండి, మనము ఏ పనిమీద ఎన్ని నిమిషములు గడపితిమో వ్రాసిపెట్టు సాఫ్ట్‌వేరు ఆ వంశములోనిదే. దానిని వాడ మొదలుపెట్టువారు ముందుగా దాని వంశచరిత్రను కొంత తెలిసికొనుట మేలు. ఏలయన, ఆ చరిత్ర పొడుగునను ఒక్క ప్రశ్నయే మరల మరల ఎదురగుచున్నది: చిట్టా ఎవరి చేతిలో నున్నది?

1888 లో అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున, ఆబర్న్ పట్టణములో, విలర్డ్ బండీ అను నగల వర్తకుడు ఒక గడియారమును నిర్మించెను. పనివాడు కర్మాగారమునకు వచ్చునపుడును పోవునపుడును తన తాళపుచెవిని దానిలో త్రిప్పిన, ఆ వేళ కాగితముపై అచ్చుపడును. మరుసటి సంవత్సరమే ఆ యంత్రములను తయారుచేయుటకు ఒక కంపెనీ వెలసెను. ఆ వ్యాపారము చేతులు మారి, 1911 లో మరి కొన్ని కంపెనీలతో కలిసిపోయెను. అట్లేర్పడిన సంస్థయే 1924 లో ఐ.బి.ఎం. అను పేరు ధరించెను. మనిషి హాజరును వ్రాసిన గడియారమును, తరువాతి కాలమున లోకమంతటను వ్యాపించిన కంప్యూటరును ఒకే ఇంటివని చెప్పుట ఇందువలననే.

ఆ 1911 వ సంవత్సరముననే ఫ్రెడరిక్ టేలర్ శాస్త్రీయ నిర్వహణను గూర్చిన తన గ్రంథమును ప్రకటించెను. పనిని చిన్న చిన్న కదలికలుగా విభజించి, ఒక్కొక్క కదలికను స్టాప్‌వాచితో కొలిచి, వ్యర్థమును తొలగింపవలెనన్నది ఆయన మతము. అదే ఏట ఆగస్టు నెలలో మాసచుసెట్స్ రాష్ట్రమందలి వాటర్‌టౌన్ సైనిక ఆయుధాగారమున లోహపు పోతపనివాని వెనుక నొకరు స్టాప్‌వాచితో నిలుచుండగా, తోడి పనివారందరు పని విడిచి వెలుపలికి నడచిరి. వారు బద్ధకస్థులు కారు, చేతిపనిలో ఆరితేరినవారు. కొలతబద్ద ఇతరుల చేతిలో నున్నదనియు, ఆ కొలతకు ఫలితమేమగునో తమకు తెలియదనియు వారి బాధ. విషయము అమెరికా కాంగ్రెసు వరకు పోయెను. విచారణ జరిగెను. 1915 లో సైనిక వ్యయమునకు సంబంధించిన శాసనములోనే స్టాప్‌వాచి వాడుకపై నిషేధమును చేర్చిరి.

ఇక కంప్యూటరు కథ. మొదటి దినములలో లెక్క తారుమారై యుండెను. యంత్రము మిక్కిలి ఖరీదైనది. దానితో పోల్చిన మనిషి చౌక. అందుచేత చిట్టా వ్రాయబడినది మనిషి కాలమునకు కాదు, యంత్రము కాలమునకు. పరిశోధకుడు తన లెక్కను పంచ్ కార్డుల కట్టగా ఆపరేటరున కప్పగించి, ఫలితమునకై గంటలతరబడి, ఒక్కొక్కప్పుడు మరునాటి వరకు వేచియుండవలసినదే. మనిషి కూర్చున్నను నష్టములేదు గాని యంత్రము మాత్రము ఊరక కూర్చుండరాదు. 1964 లో బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూటునకు సి.డి.సి. 3600 కంప్యూటరు వచ్చినపుడు దేశమందలి ఇతర సంస్థలవారును దాని కాలమును పంచుకొనిరి. యంత్రకాల మనునది ఆనాడు అంతటి విలువైన పదార్థము.

ఈ నిరీక్షణను తొలగింపవలెనని 1959 లో జాన్ మెకార్తీ ఒక ఉపాయము సూచించెను. యంత్రము ఒకరి పనిపై క్షణకాలము, మరియొకరి పనిపై క్షణకాలము నిలిచినచో, అనేకులు ఒకే వేళ దానితో పనిచేయవచ్చును. ప్రతివారికిని అది తనదేయన్న భావము కలుగును. ఇదియే కాలవిభజన పద్ధతి. 1961 నవంబరులో మాసచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున ఫెర్నాండో కొర్బాటో బృందమువారు దీనిని చేసి చూపిరి. యంత్రమును పంచుకొనుటతో లెక్క వ్రాయవలసిన అవసరమును వెంట వచ్చెను. ఎవరికెంత కాలము చెల్లినదో తెలియవలెనన్న, కూర్చున్నవా రెవరో యంత్రమునకు తెలియవలెను. ఆ పద్ధతిలో ప్రతివారికిని ఒక పేరు, ఒక రహస్యపదము, కొంత కాలపు వాటా ఏర్పడెను. నేడు మన మనుదినము టైపుచేయు పాస్‌వర్డు కంప్యూటరులో అడుగుపెట్టినది అక్కడనే.

వాటా యున్నచోట కొరతయు నుండును. అక్కడి పరిశోధక విద్యార్థి ఆలన్ షెర్‌నకు వారమునకు 4 గంటల కాలము లభించెడిది. ఆయన పరిశోధనకు అది చాలదు. 1962 లో ఆయన రహస్యపదములున్న దస్త్రమును అచ్చువేయుమని యంత్రమునకే ఒక కార్డు ద్వారా కోరిక పెట్టెను. అది మారుమాటాడక అచ్చువేసి ఇచ్చెను. ఆయన ఇతరుల పేర్లతో తన పని సాగించుకొనెను. పిదప చాలకాలమునకు ఈ సంగతిని ఆయనయే బయటపెట్టెను. కంప్యూటరు చరిత్రలో తొలి పాస్‌వర్డు దొంగతనముగా దీనిని చెప్పుకొందురు. దొంగిలింపబడినది ధనము కాదు, రహస్యము కాదు, కాలము.

ఇట్టిదే మరియొక సంగతి. 1969 లో బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్ గ్రహముల నడుమ నౌక నడుపు ఆటను వ్రాసెను. పెద్ద యంత్రముపై ఆ ఆట ఒకమారు ఆడిన సుమారు 75 డాలర్ల యంత్రకాలము ఖర్చుపడునని లెక్కలో తేలెను. అందుచేత ఆయన ఒక మూలనున్న చిన్న యంత్రమును వెదకి పట్టుకొని, ఆటను దానిమీదికి మార్చెను. ఆ యంత్రముపైననే ఆయనయు డెనిస్ రిచీయు యునిక్స్ అను ప్రసిద్ధ వ్యవస్థకు పునాది వేసిరి. ఆ యునిక్స్‌లో సయితము ‘టైమ్’ అను ఒక చిన్న ఆజ్ఞ వెలసినది. దానిని ముందుంచి ఏ పని చేయించినను అది మూడు అంకెలు చెప్పును: లోకపు గడియారములో గడచిన కాలమెంత, మన పనికై యంత్రము శ్రమించిన కాలమెంత, ఆ పని కొరకు వ్యవస్థ తానుగా వెచ్చించిన కాలమెంత. గడచిన కాలము వేరు, పనిచేసిన కాలము వేరు అను వివేకము ఆ మూడంకెలలో నున్నది.

1964 మే 1 వ తేదీ తెల్లవారుజామున డార్ట్‌మత్ కళాశాలలో కెమెనీ, కర్జ్ అను ఆచార్యులు నిర్మించిన పద్ధతి పని ప్రారంభించినపుడు, వారు పట్టుదలతో నిలిపిన నియమ మొకటి కలదు. గ్రంథాలయములో పుస్తకము తీసికొన్నట్లే విద్యార్థులు కంప్యూటరును రుసుము లేక వాడుకొనవలెను. చిట్టా వ్రాయు నేర్పు ఎంత యున్నను, అన్నిటికిని బిల్లు వేయనక్కరలేదని వారు నిరూపించిరి.

1981 లో ఐ.బి.ఎం. వారి వ్యక్తిగత కంప్యూటరు బజారునకు వచ్చు నాటికి యంత్రపు ధర దిగివచ్చినది. క్రమముగా త్రాసు మొగ్గు మారెను. యంత్రము రోజంతయు ఊరక కూర్చున్నను చింతలేదు. దాని యెదుట కూర్చున్న మనిషి కాలమే కొరత పదార్థమైనది. అంతట చిట్టా కూడ దిక్కు మార్చుకొని మనవైపు తిరిగెను. 21 వ శతాబ్దపు మొదటి దశాబ్దము చివర రెస్క్యూటైమ్ వంటి సాఫ్ట్‌వేరులు వచ్చెను. 2018 లో ఆపిల్, గూగుల్ కంపెనీలు తమ ఫోన్లలోనే ఇట్టి లెక్కను చేర్చెను.

ఈ సాఫ్ట్‌వేరు పనిచేయు తీరు సులభమైనదే. మన కన్నులయెదుట తెరచియున్న విండో ఏది, దాని శీర్షిక ఏమి యని అది ఎప్పటికప్పుడు గుర్తించుచు, వేళతో సహా వ్రాసికొనును. కీబోర్డు, మౌసు కొన్ని నిమిషములు కదలనిచో మనము లేచిపోయితిమని భావించును. తరువాత ఆ తునకలను ఉత్తరములు, వ్రాతపని, వార్తలు, వినోదము అను పద్దుల క్రింద కూడి చూపును. దీనిలోని లోపమును ఇక్కడనే కలదు. కాగితముపై పెన్సిలుతో ఆలోచించిన అరగంట దాని దృష్టిలో శూన్యము. ఊరక మౌసు కదిపిన అరగంట దానికి శ్రమ. స్టాప్‌వాచివలెనే ఇదియు చేతిని చూచును గాని మనస్సును చూడలేదు.

లెక్క మన కొరకు గాక పైవాని కొరకు సాగినపుడు ఈ లోపమే అన్యాయముగా మారును. 2020 లో మహమ్మారి కారణమున కోట్లకొలది జనులు ఇంటినుండి పనిచేయుచుండగా, మైక్రోసాఫ్ట్ సంస్థ కార్యాలయములకు ‘ప్రొడక్టివిటీ స్కోర్’ అను లెక్కను అందించెను. ఉద్యోగుల పేర్లతో సహా వారి వాడుక వివరములు యాజమాన్యమునకు కనబడునని విమర్శ చెలరేగగా, డిసెంబరు 1 వ తేదీన ఆ సంస్థ పేర్లను తొలగింతుమని ప్రకటించెను. వాటర్‌టౌన్ పోతపనివారి ఆవేదన 109 ఏండ్ల తరువాత మరల వినబడినది.

అట్లని చిట్టాయే చెడ్డదనరాదు. రష్యా దేశపు కీటకశాస్త్రవేత్త అలెగ్జాండర్ ల్యుబిషెవ్ 1916 నుండి 1972 లో మరణించువరకు, 56 సంవత్సరములు తన కాలమునకు తానే లెక్క వ్రాసికొనెను. ఏ పనికి ఎంత పట్టినదో దినదినమును వ్రాసి, నెలకును ఏటికిని మొత్తములు కూడెను. నడుమ విరామములను తీసివేసి నికరమైన కాలమునే పరిగణించెను. ఆయనను ఎవరును కొలువలేదు. ఆయనయే తన్ను కొలుచుకొనెను. 1974 లో రచయిత డానియల్ గ్రానిన్ ఆయన జీవితమును పుస్తకముగా వ్రాసినపుడు పాఠకు లాశ్చర్యపడినది ఆ చిట్టాను చూచియే. పరికరము ఒక్కటే, చేయి మారిన, దాని గుణమే మారును.

కావున నేడు ఈ సాఫ్ట్‌వేరును వాడ మొదలుపెట్టు మిత్రులు ఈ చరిత్రనుండియే కొన్ని నియమములు గ్రహింపవచ్చును. మొదటిది, చిట్టా ఎక్కడ నిలువయుండునో తెలిసికొనుట. యాక్టివిటీవాచ్ వంటివి లెక్కను మన కంప్యూటరులోనే ఉంచును. మరికొన్ని దూరదేశపు యంత్రములకు పంపును. రెండవది, మొదటి వారము ఏమియు మార్పక, తీర్పు చెప్పక, వ్రాయనిచ్చి ఊరకుండుట. మార్పు తొందరలో చూచిన అంకెలు ఉన్నస్థితిని చెప్పవు. మూడవది, పద్దులు అయిదారింటికి మించనీయకుండుట. పద్దులు పెరిగినకొలది చిట్టా చదువుటయే ఒక పని యగును. నాలుగవది, వారాంతమున ఒక్కమారు చదివి, ఒక్కమార్పు మాత్రమే నిశ్చయించుకొనుట. అయిదవది, కంప్యూటరుకు దూరముగా చేసిన పనిని మన చేతితో చేర్చుట. అది చూడనిది లేనట్లు కాదు.

ప్రసారకార్యములో నున్న మాబోంట్లకు క్షణముల లెక్క క్రొత్త కాదు. డ్యూటీ గదిలోని లాగ్ పుస్తకమున ప్రతి అంశమునకును ఆరంభ సమయము, ముగింపు సమయము వ్రాయబడును. అయినను ప్రసంగము నిడివి ఎంతయో ఆ పుస్తకము చెప్పునే గాని, అది విన్నవారి మనస్సులో ఎంతసేపు నిలిచెనో చెప్పదు. కాలపు చిట్టా వ్రాయువా రందరును, వ్రాయించువా రందరును ఈ భేదమును మరువకుండిన చాలును.