కొంగుదా తప్పు, చక్రానిదా?

మొన్న వేసవిలో మేడమెట్ల పక్కన ఎండకి ఎండి, వానకి తడుస్తున్న నా పాత లేడీస్ సైకిల్‌ని బయటికి తీశాను. 1994లో నేను ఇంటర్లో చేరినప్పుడు నాన్న కొన్న సైకిలది. తుప్పు వదిలించి, టైర్లు మార్పిస్తే మా అమ్మాయి కాలేజీకి పనికొస్తుందని నా ఆశ. సైకిలంతా ఒక ఎత్తు, దాని డ్రెస్ గార్డు ఒక ఎత్తు అయింది. వెనక చక్రానికి అటూ ఇటూ, మడ్‌గార్డు నుంచి ఇరుసు దాకా బట్టలు పడకుండా అడ్డుగా ఉండే ప్లాస్టిక్ రేకు అది. ఒకప్పుడు మెరూన్ రంగు. ఇప్పుడు తెల్లబారిపోయి, వేలితో రాస్తే సుద్దపొడిలా రాలుతోంది.

"అది పీకి పారెయ్యమ్మా, నేను ప్యాంట్లే కదా వేసుకునేది" అంది మా అమ్మాయి. పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న మా అమ్మ తలెత్తి, "దాన్ని మాత్రం తియ్యొద్దు" అంది. ఆ గొంతులోని గట్టిదనం నాకు కొత్త. సరే, రంగన్నా వేద్దామనుకున్నాను.

గేటుకి వెయ్యగా మిగిలిన ఎనామిల్ పెయింటు తెచ్చి పూసేశాను. నాలుగు రోజులు బాగానే ఉంది. తర్వాత ఉల్లిపొరలా ఊడొచ్చింది. బకెట్లూ కుర్చీలూ చేసే పాలీప్రొపిలీన్ జాతి ప్లాస్టిక్కి రంగు పట్టదట. చెక్కలాగా పీల్చుకోదు, ఇనుములాగా అంటిపెట్టుకోనివ్వదు. మళ్ళీ మొదలుపెట్టాను. సబ్బునీళ్ళతో కడిగి, ఆరాక 400 నంబరు ఉప్పుకాగితాన్ని తడిపి నునుపు పోయేదాకా రుద్ది, ఆపైన 600తో సాపు చేసి, జిడ్డు లేకుండా స్పిరిట్‌తో తుడిచి, ప్లాస్టిక్ కోసమే అమ్మే ప్రైమర్ పల్చగా కొట్టాను. ముక్కుకి గుడ్డ కట్టుకుని ఆ పనంతా మేడమీదే. రంగు కూడా ఒక్కసారే దట్టంగా కొడితే కారిపోతుంది. పల్చగా మూడు పూతలు వెయ్యాలి. ప్రతి పూతకీ మధ్య ఆరనివ్వాలి.

ఆ ఆరనిచ్చే సమయాల్లోనే ఈ రేకు ఎక్కణ్ణుంచి వచ్చిందని ఆలోచిస్తూ కూర్చున్నాను.

1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ రెండు చక్రాలూ దాదాపు సమానంగా ఉన్న 'రోవర్' సైకిల్ తెచ్చాడు. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చింది. ఆడవాళ్ళు తొక్కడానికి అడ్డేమీ లేదు, నేలని ఊడ్చే గౌన్లు తప్ప. అందుకని అడ్డగడ్డీని కిందికి వంచారు. వెనక చక్రం మీద దారాలతో వల అల్లారు. గౌను చిక్కుకోకుండా గొలుసుకి తొడుగు వేశారు. అంటే యంత్రాన్ని బట్టలకి అనుగుణంగా మార్చారు. బట్టలనే మార్చుకుంటామన్నవాళ్ళకి ఏం జరిగిందో లేడీ హార్బర్టన్ ఉదంతం చెబుతుంది. 1881లో మొదలైన 'రేషనల్ డ్రెస్ సొసైటీ' వెనక ఉన్న మనిషి ఆవిడ. 1898లో వదులు లాగులాంటి నిక్కర్ వేసుకుని సైకిల్ మీద ఆకమ్ అనే ఊరి హోటల్‌కి వెళితే, ఆ వేషంతో కాఫీ గదిలోకి రానివ్వమన్నారు. మగవాళ్ళు తాగే బార్ పక్కగదిలో కావాలంటే కూర్చోమన్నారు. సైక్లిస్టుల సంఘం కోర్టుకెళ్ళింది. 1899లో ఓడిపోయింది. అంతకు రెండేళ్ళ ముందు, 1897లో, ఆడవాళ్ళకి డిగ్రీలివ్వాలన్న ప్రతిపాదనని వ్యతిరేకిస్తూ కేంబ్రిడ్జ్ విద్యార్థులు వీధిలో వేలాడదీసిన దిష్టిబొమ్మ ఏమిటనుకున్నారు? సైకిలెక్కిన స్త్రీ. ఆ డిగ్రీలు అక్కడి ఆడవాళ్ళ చేతికి వచ్చేసరికి 1948 అయింది. చదువుకీ చక్రానికీ ఉన్న చుట్టరికం మనకంటే ముందు వాళ్ళకే అర్థమైందన్నమాట!

ఆ చుట్టరికాన్ని మన పొరుగున తమిళనాడు పుదుక్కోట్టై ఆడవాళ్ళు తలకిందులు చేసి చూపించారు. 1991లో అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా, అప్పటి కలెక్టర్ షీలారాణి చుంకత్ చొరవతో వేలాదిమంది గ్రామీణ స్త్రీలు సైకిల్ నేర్చుకున్నారు. 1992 మహిళా దినోత్సవం నాడు పదిహేను వందలమంది సైకిళ్ళమీద పట్టణాన్ని ముంచెత్తారని పాలగుమ్మి సాయినాథ్ రాశారు. అదే ఏడాది మన నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దిన చేతులే సారా కొట్టు మూయించాయి. పుదుక్కోట్టై కథనంలో నన్ను ఆపేసిన మాట ఒకటుంది. లేడీస్ సైకిళ్ళు దొరక్క జెంట్స్ సైకిళ్ళు తొక్కిన వాళ్ళలో కొందరికి అవే నచ్చాయట. ముందున్న అడ్డగడ్డీ మీద పిల్లని కూర్చోబెట్టుకోవచ్చని. ఆడవాళ్ళ సౌకర్యం కోసమని వందేళ్ళ కింద వంచేసిన గడ్డీని వీళ్ళు తమ అవసరం కోసం తిరిగి తీసుకున్నారు. మన సౌకర్యమేమిటో మనల్ని అడిగి ఎవరు నిర్ణయించారు గనక!

రెండో పూత ఆరుతుండగా అమ్మ మేడమీదికి వచ్చి పక్కన కూర్చుంది. అమ్మ ఎడమ మోచేతి దగ్గర ఒక పాత మచ్చ ఉంది. నాన్న సైకిల్ క్యారియర్ మీద ఒక పక్కకి కూర్చుని వెళుతుంటే కొంగు చక్రంలో చుట్టుకుని పడిపోయిందని చిన్నప్పటినుంచీ వింటున్నదే. మా ఇంట్లో ఆ కథ ఎప్పుడూ ఒకే వాక్యంతో ముగిసేది: "కొంగు సరిగ్గా దోపుకోలేదు మరి." నాన్నా అనేవాడు, నాయనమ్మా అనేది. నేనూ ఎన్నోసార్లు అన్నాను.

"కొంగు దోపుకునే ఉన్నానే" అంది అమ్మ, రేకు వంకే చూస్తూ. "చక్రానికి జాలీ వేయించమని అంతకు మూణ్ణెల్ల ముందే అడిగాను. దండగ ఖర్చన్నారు మీ నాన్న. నీకు సైకిల్ కొన్నప్పుడు మాత్రం ఇది లేకపోతే కొనడానికి వీల్లేదని పట్టుబట్టాను."

నలభై ఏళ్ళు పైబడిన మాట. ఎందుకు చెప్పలేదని అడగబోయి ఆగిపోయాను. మేమెవరం అడిగాం కనక?

1989 మోటారు వాహన నిబంధనల్లో 123వ నిబంధన, వెనక మనిషి కూర్చునే వీలున్న మోటార్ సైకిల్‌కి, ఆ మనిషి బట్టలు చిక్కుకోకుండా వెనక చక్రంలో కనీసం సగం మూసే రక్షణ ఉండి తీరాలంటుంది. దాన్ని మనం వాడుకలో చీర గార్డు అంటున్నాం. పేరు చీరదే అయినా, ఆ నిబంధన బాధ్యత పెట్టింది మాత్రం చీర మీద కాదు, బండి తయారు చేసేవాడి మీద. మా ఇంట్లో ఆ న్యాయం అమ్మకి దక్కలేదు. ఎవరి చున్నీ అయినా చక్రంలో పడిందని వింటే ఈనాటికీ మన నోట ముందొచ్చే ప్రశ్న "చూసుకోవద్దూ?" అనే.

మా అమ్మాయికి ఈ సంగతంతా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయినా నాకు దాని అవసరం లేదుగా" అంది. నిజమే, లేదు. అక్కర్లేదనుకునే హక్కు దానికుంది. కావాలని అడిగిన మనిషి మాట వినకపోవడం మాత్రం వేరే సంగతి.

మూడో పూత ముదురాకుపచ్చ. అమ్మే ఎంచింది. ఇంకో వారం గట్టిపడితే గానీ మరలు బిగించకూడదు. బిగించాలా వద్దా అని మా ముగ్గురి మధ్యా ఇంకా తేలలేదు. ఆ నాలుగు మరలూ వంటింటి గూట్లో గిన్నెలో ఉన్నాయి.