చలికి మొరాయించిన ఇంజను

పెట్రోలుకు నిప్పు ఇట్టే అంటుకుంటుందని అందరూ ఎరిగినదే. కాని మండేది పెట్రోలు ద్రవం కాదు, దాని ఆవిరి. పైగా పెట్రోలు ఒకే పదార్థం కాదు. సులభంగా ఆవిరి అయ్యేవీ, నిదానంగా ఆవిరి అయ్యేవీ అయిన అనేక హైడ్రోకార్బనుల కలయిక. గడ్డకట్టే చలిలో మొదటి రకమే కొంత ఆవిరి అవుతుంది. తక్కినది లోహపు గోడలకు చెమ్మలా అంటుకొని ఉండిపోతుంది. కనుక చల్లని ఇంజనును కదిలించాలంటే మామూలుకంటె కొన్ని రెట్లు పెట్రోలు పోయవలసి ఉంటుంది.

తొలి రోజులలో ఇనుప హేండిలును చేతితో తిప్పి ఇంజనును లేపేవారు. అది వెనక్కు తన్నినదంటే తిప్పేవాని మణికట్టు విరిగేది. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు 1912 నాటి కాడిలాక్ కార్లలో అమరిన తరువాత ఆ ప్రమాదం క్రమంగా తగ్గినది. ఐతే స్టార్టరు ఇంజనును తిప్పగలదు గాని పెట్రోలును ఆవిరి చేయలేదు. అందుకోసం కార్బురేటరుకు చోక్ ఉండేది. గాలి దారిని కొంత మూస్తే మిశ్రమంలో పెట్రోలు పాలు పెరుగుతుంది. అంబాసిడర్ కారు నడిపినవారికి ఆ మీట పరిచయమే. ఎంత లాగాలో, ఎప్పుడు వదలాలో అనుభవమే నేర్పేది.

1967లో జర్మనీలోని బాష్ కంపెనీ ఈ అనుభవాన్ని విద్యుత్ వలయాలకు అప్పగించినది. ఆ ఏట ఫోక్స్‌వాగన్ 1600 కార్లలో వచ్చిన డి-జెట్రానిక్ పద్ధతిలో కార్బురేటరు లేదు. ఇంజెక్టర్లు పెట్రోలును తుంపరగా చిమ్ముతాయి. బండ్లు వదలే పొగపై అమెరికాలో వస్తున్న కట్టుబాట్లు దీనికి ఊతమిచ్చినవి. ఈ తరహా పద్ధతులలో చలి కోసం ప్రత్యేకంగా మరొక ఇంజెక్టరును గాలి గొట్టంలో అమర్చేవారు. దానిని అదుపుచేసే స్విచ్చి ముచ్చటైనది. అందులో ఒక ద్విలోహ పట్టీ, దానికి చుట్టిన వేడితీగ ఉంటాయి. స్టార్టరు తిరిగినంతసేపు తీగ వేడెక్కి, పట్టీ వంగి, కొన్ని సెకన్లలో వలయం తెగుతుంది. ఇంజను ముందే వెచ్చగా ఉంటే పట్టీ మొదటినుండీ వంగియే ఉంటుంది. అదనపు పెట్రోలు అసలే రాదు. బడిలో చూపే ద్విలోహ పట్టీ ప్రయోగమే ఇది.

1980లలో అమెరికా రోడ్లపై తిరిగిన టయోటా పికప్ బండ్లలో, 22ఆర్-ఇ అనే ఇంజనుకు ఈ ఏర్పాటే ఉండేది. తెల్లవారుజామున అటువంటి బండి మొరాయిస్తే మెకానిక్కుకు చిక్కు వచ్చిపడేది. చోక్ కంటికి కనబడేది. ఇదంతా మూసిన డబ్బాల లోపలి వ్యవహారం. తోచిన భాగమల్లా మార్చి డబ్బు పోగొట్టుకొన్నవారు తక్కువేమీ కాదు.

అసలు సూచన లక్షణంలోనే ఉన్నది. చాలాసేపు తిప్పగా లేచి, ఆపైన రోజంతా చక్కగా నడిస్తే, చలి ఇంజెక్టరునో దాని స్విచ్చినో ముందు అనుమానించాలి. చలిలో లేచి, వేడిగా ఉన్నప్పుడు మొండికేస్తే ఆ ఇంజెక్టరే కారుతూ ఉండవచ్చును. ఇక మూడవ అనుమానం నీటి వేడిని కంప్యూటరుకు తెలిపే సెన్సారు మీద. దాని నిరోధం 20 సెంటిగ్రేడ్ డిగ్రీల వద్ద సుమారు 2,000 నుండి 3,000 ఓములు, 80 డిగ్రీల వద్ద 200 నుండి 400 ఓములు. వేడి పెరిగితే నిరోధం పెరిగే రాగితీగకు ఇది పూర్తిగా వ్యతిరేకం. దీని తీగ తెగితే నిరోధం అనంతమై, తొలినాటి వలయాలు దానిని భయంకరమైన చలిగా భావించి పెట్రోలు కుమ్మరించేవి. పొగ నల్లగా వచ్చేది. తీగలు కలిసిపోతే ఇంజను వెచ్చగా ఉన్నదని భ్రమించి చలిలో దానిని మాడ్చేవి. ఇంకొక తమాషా ఏమనగా, డ్రైవరు ఎదుట ముల్లును కదిలించే సెన్సారు వేరు, కంప్యూటరుకు చెప్పేది వేరు. ముల్లు సరిగా ఉన్నది గదా అని రెండవదానిని వదలివేయడం సాధారణమైన పొరపాటు.

1996 నుండి అమెరికాలో అమ్మే కొత్త కార్లన్నిటిలో, తేలిక ట్రక్కులలో లోపాన్ని తామే గుర్తించి సంకేతాంకం చూపే పద్ధతి తప్పనిసరి అయినది. ప్రత్యేక చలి ఇంజెక్టరు కూడా క్రమంగా కనుమరుగై, ఆ పని అసలు ఇంజెక్టర్లకే చేరినది. ఐనా 0 డిగ్రీల చలిలో 30 డిగ్రీలని అబద్ధమాడే సెన్సారును ఆ తొలి పద్ధతులు తరచు పట్టుకోలేకపోయేవి. 30 కూడా సాధ్యమైన సంఖ్యే కదా. అప్పుడు మెకానిక్కు దానిని ఊడదీసి, ఒక గిన్నెలో చన్నీళ్ళు, మరొక గిన్నెలో వేన్నీళ్ళు, ఒక థర్మామీటరు, ఒక ఓమ్‌మీటరు ముందు పెట్టుకొని కూర్చునేవాడు.