నావా నుంచి గావ్‌పాలికా దాకా

ఎవరెస్టు ఎక్కేవాళ్లు బేస్ క్యాంపు పైన విసర్జించిన మలాన్ని సంచిలో కట్టి కిందికి మోసుకురావాల్సిందేనని 2024లో ఒక నిబంధన వచ్చింది. ఆ మాట అన్నది ఖాట్మండులోని మంత్రిత్వశాఖ కాదు, ఖుంబు పాసాంగ్ ల్హాము గావ్‌పాలికా. అంటే కొన్ని కొండ ఊళ్లు కలిసి ఎన్నుకున్న పాలకవర్గం. మొత్తం ఐదు వార్డులు, సుమారు తొమ్మిదివేల జనాభా. విస్తీర్ణం మాత్రం 1,500 చదరపు కిలోమీటర్లు దాటుతుంది. అందులో ఎక్కువ భాగం మంచూ రాయీ.

కాగితం మీద ఈ గావ్‌పాలికా వయసు పదేళ్లకు అటూ ఇటూ. నేపాల్‌లో 1960ల నుంచి రాజు మహేంద్ర పెట్టిన పంచాయతీలు నడిచాయి. 1990 ప్రజా ఉద్యమం తర్వాత వాటి చోట గ్రామ అభివృద్ధి కమిటీలు వచ్చాయి. 1997లో ఎన్నికైనవాళ్ల గడువు 2002లో తీరిపోయింది. దేశంలో మావోయిస్టు యుద్ధం సాగుతోంది, ఎన్నికలు లేవు. ఆ తర్వాత పదిహేనేళ్లు ఊళ్లను ఉద్యోగులే ఏలారు. 2015 రాజ్యాంగం వచ్చాక, 2017 మార్చిలో మూడువేలకు పైగా ఉన్న ఆ కమిటీలను రద్దుచేసి పెద్ద పెద్ద ముక్కలుగా కలిపారు. ఇప్పుడు దేశమంతటా 753 స్థానిక ప్రభుత్వాలున్నాయి. వాటిలో 460 గావ్‌పాలికాలే. నామ్చే, ఖుమ్‌జుంగ్, చౌరీఖర్క వంటివి ఒకే గొడుగు కిందికి వచ్చింది అప్పుడే. అధ్యక్ష, ఉపాధ్యక్ష పదవులు రెండింటికీ పోటీచేసే పార్టీ ఒకదానికి మహిళను నిలబెట్టి తీరాలి. తగవులు తీర్చే న్యాయ సమితికి పెద్ద ఉపాధ్యక్షులే.

పేరు కూడా మహిళదే. ఎవరెస్టు ఎక్కిన తొలి నేపాలీ మహిళ పాసాంగ్ ల్హాము షేర్పా ఈ కొండల్లో పుట్టిన మనిషి. మూడుసార్లు ప్రయత్నించి విఫలమై, నాలుగోసారి 1993 ఏప్రిల్ 22న శిఖరం చేరింది. దిగే దారిలో వాతావరణం తిరగబడి ప్రాణం కోల్పోయింది. లుక్లాలో విమానం దిగి కాలిబాట పట్టేవాళ్లు ఆమె స్మారక ద్వారం కిందుగానే నడుస్తారు.

అయితే ఇక్కడ ఊరు తనకు తానే కట్టుబాటు పెట్టుకోవడం 2017లో మొదలైంది కాదు. అంతకుముందు నుంచీ ‘నావా’లు ఉన్నారు. ఊరివాళ్లు తమలోంచి ఎంచుకుని, వంతులవారీగా బాధ్యత అప్పగించే కాపలాదార్లు వాళ్లు. అడవిని చూసేవాళ్లు వేరు, చేలను చూసేవాళ్లు వేరు. ఖుమ్‌జుంగ్ ఉన్నది 3,790 మీటర్ల ఎత్తున. అక్కడ రాతిగోడల మధ్య చిన్నచిన్న మళ్లలో పండే ఆలుగడ్డే ప్రధానమైన తిండి. ఏడాదికి ఒక్క పంట. యాకులు ఒక్కసారి చేలో పడితే ఇంటిల్లిపాదికీ పస్తే. అందుకని ఎండాకాలంలో ఒక తేదీ చెప్పేవాళ్లు. ఆలోపు పశువులన్నీ ఊరు దాటి పై మేతభూములకు పోవాలి, కోతలయ్యే దాకా ఒక్కటీ కిందికి దిగకూడదు. మోతుబరి యాకుకైనా ఇదే మాట. అడవి నావాల పని ఇంకా కష్టం. పచ్చి చెట్టు కొట్టిన ఇల్లు ఏదో కనిపెట్టాలి, ఇరుగుపొరుగు వాళ్ల దగ్గరే జరిమానా వసూలు చేయాలి. మొహమాటపడితే అడవి మిగలదు.

ఈ పద్ధతిని శ్రద్ధగా గ్రంథస్థం చేసిన మనిషి తెలుగువాళ్లకు కొత్తవాడు కాదు. 1940లలో ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో మకాం వేసి గోండుల జీవితాన్ని రాసిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫే 1953లో ఈ ఖుంబు ప్రాంతానికి చేరాడు. 1964లో ఇక్కడి షేర్పాల మీద పుస్తకం అచ్చువేశాడు. అడవి మీద హక్కు సర్కారుకి పోతే గోండు గూడెం ఏమవుతుందో కళ్లారా చూసినవాడు గనక, నావాల విలువ ఆయనకు చప్పున తెలిసి ఉంటుందనుకోవచ్చు.

మార్లవాయిలో చూసినదే కొంత ఖుంబులోనూ జరిగింది. 1957లో నేపాల్ ప్రభుత్వం అడవులను జాతీయం చేసింది. 1976లో సాగర్‌మాతా (ఎవరెస్టుకు నేపాలీ పేరు) జాతీయ ఉద్యానం ఏర్పడింది. కట్టె కొట్టాలంటే అడగాల్సింది పొరుగింటి నావాని కాదు, యూనిఫాం వేసుకున్న ఉద్యోగిని. కాపలా ఎవరిదో తేలకపోయేసరికి చాలాచోట్ల నావాల మాట చెల్లడం తగ్గింది. ఇదే కాలంలో టిబెట్ సరిహద్దు బిగుసుకుని, నాంగ్‌పా లా కనుమ మీదుగా సాగే ఉప్పు, ధాన్యం వ్యాపారం పడిపోయింది. 1961లో ఖుమ్‌జుంగ్‌లో ఎవరెస్టు తొలి ఆరోహకుల్లో ఒకడైన హిల్లరీ పెట్టించిన బడి, 1964లో లుక్లా విమానాశ్రయం, 1966లో ఖుందే ఆసుపత్రి వచ్చాయి. యాత్రికుల డబ్బూ వచ్చింది, వాళ్ల చెత్తా వచ్చింది. ఆ చెత్త ఎత్తడానికి షేర్పాలే 1991లో సాగర్‌మాతా కాలుష్య నియంత్రణ కమిటీ పెట్టుకున్నారు.

ఇలాంటి నేలలో గావ్‌పాలికా మొలిచింది. పుట్టిన ఏడాదే తన ఊళ్లలోకి వచ్చే విదేశీ యాత్రికుల మీద రెండువేల నేపాలీ రూపాయల ప్రవేశ రుసుం పెట్టింది. దేశం మొత్తానికి చెల్లే ట్రెక్కింగ్ కార్డు మాకు అక్కర్లేదంది. రాజధానిలో కొందరు గొణిగారు, వసూలు మాత్రం ఆగలేదు. 2020 జనవరి నుంచి 30 మైక్రాన్లలోపు ప్లాస్టిక్‌నూ, ప్లాస్టిక్ సీసాల్లో అమ్మే పానీయాలనూ నిషేధించింది. ఆ తర్వాతదే మలం సంచుల ఉత్తర్వు. ఒకటో క్యాంపు నుంచి నాలుగో క్యాంపు దాకా మూడు టన్నుల మలం పడి ఉందని కాలుష్య కమిటీ అంచనా. ఆ చలికి అది కుళ్లదు, అలాగే ఉండిపోతుంది. కమిటీ ఎనిమిదివేల దాకా సంచులు తెప్పించి ఒక్కొక్కరికి రెండేసి ఇవ్వాలనుకుంది. వాటిలోని పొడి మలాన్ని గట్టిపరిచి వాసన అణుస్తుంది.

యాకుల తేదీకీ మలం సంచికీ సంబంధమేమిటని అనిపించవచ్చు. రెండింటి వెనకా ఉన్న హక్కు ఒకటే, ఈ నేల మీద ఎవరు ఎలా నడుచుకోవాలో ఇక్కడివాళ్లే చెప్పడం. మధ్యలో అరవై ఏళ్లు దాన్ని రాజధాని పట్టుకుపోయింది, 2015 రాజ్యాంగం కొంత తిరిగిచ్చింది. కొంతే అనడం ఎందుకంటే, ఎవరెస్టు ఎక్కడానికి అనుమతిపత్రం ఇచ్చేదీ, దాని రుసుం పుచ్చుకునేదీ నేటికీ ఖాట్మండే.

బేస్ క్యాంపు దాకా వెళ్లాలనుకునే తెలుగు యాత్రికులు లుక్లా దాటేముందు గావ్‌పాలికా రుసుం ఎంతో, తమకు వర్తిస్తుందో లేదో కౌంటర్లోనే కనుక్కోండి. కడితే రసీదు భద్రంగా దాచుకోండి, నీళ్లకు మీ సీసా మీరే తీసుకెళ్లండి.