సమ్మిళిత విద్య: మార్లవాయి నుంచి జైపూర్ దాకా

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఒక గూడెం బడిలో రెండో తరగతికి చెప్పేవాణ్ణి. నేను గోండును. ఇంట్లో మాట్లాడేది గోండి. కొలామీ నాకు నాలుగు ముక్కలకు మించి రాదు. ఆ తరగతిలో ఇద్దరు కొలాం పిల్లలు ఉండేవారు.

పిల్లవాడు చివరి వరుసలో కూర్చునేవాడు. పిలిస్తే పలికేవాడు కాదు. బోర్డు మీద ఉన్నది ముత్యాల్లా చూసి రాసేవాడు. నోటితో చెప్పి రాయమంటే మాత్రం నా ముఖం చూసేవాడు. తెలుగు రాదు కదా, మెల్లగా వస్తుందిలే అనుకున్నాను. ఏడాది గడిచింది. ఒకరోజు సంతలో వాళ్లమ్మ కనిపించి, ఇంట్లో కొలామీలో పిలిచినా వాడు పలకడని, పసితనం నుంచి చెవిలో చీము కారుతోందని చెప్పింది. వాడి కష్టం తెలుగు కాదు, వినికిడి.

అమ్మాయి సంగతి వేరు. ఏ ప్రశ్న అడిగినా తల వంచుకునేది. ఈమెకు బుర్రకెక్కదని నేనే తీర్మానించేశాను. ఒక మధ్యాహ్నం చెట్టు కింద 40 చింతగింజలను ఐదుగురికి సమానంగా పంచి, తలకు ఎనిమిదని చెప్పడం చూశాను. లెక్కంతా కొలామీలోనే.

చెవి సమస్యను భాష సమస్య అనుకున్నాను. భాష సమస్యను బుద్ధి సమస్య అనుకున్నాను. ఆదివాసీ టీచరునై ఉండి కూడా రెండు చోట్లా పొరబడ్డాను. మన పుట్టుక ఒక్కటే చాలదని, దానికి చదువు తోడవ్వాలని అప్పుడు తెలిసింది. ఆ చదువు ఎక్కడ మొదలైంది, మన దాకా ఎందుకు రాలేదు, ఇప్పుడు మనం దాన్ని ఎలా అందుకోవాలి అన్నదే ఈ వ్యాసం.

మన వైపు నుంచి మొదలుపెడితే

వైకల్యం ఉన్న పిల్లలు, లేని పిల్లలు ఒకే బడిలో కలిసి చదవడం, ప్రతి బిడ్డ అవసరానికి తగ్గట్టు బోధన మారడం సమ్మిళిత విద్య. బడికి తగ్గట్టు బిడ్డ మారాలనడం పాత పద్ధతి. బిడ్డకు తగ్గట్టు బడి మారాలన్నది కొత్త మాట. శిక్షణ పుస్తకాలు ఈ మాట చరిత్రను 1994లో స్పెయిన్‌లోని సలమాంకాలో జరిగిన ప్రపంచ సదస్సు నుంచి మొదలుపెడతాయి. 92 ప్రభుత్వాల ప్రతినిధులు అక్కడ కూర్చుని, సాధారణ బడులు పిల్లలందరినీ చేర్చుకోవాలని ప్రకటించారు.

కానీ బిడ్డకు తగ్గట్టు బడిని మార్చే ప్రయత్నం మన అడవిలో అంతకు యాభై ఏళ్ల ముందే జరిగింది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవలసిన అవసరం నిజాం ప్రభుత్వానికి వచ్చింది. ఆ పని మీద వచ్చిన హైమెన్‌డార్ఫ్, భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో ఉన్నాడు. 1943లో అక్కడ గోండు విద్యా పథకం మొదలైంది. బయటి నుంచి టీచర్లను తెచ్చి పెట్టలేదు. కొద్దో గొప్పో మరాఠీ చదవడం వచ్చిన గోండు యువకులను వెతికి, మార్లవాయిలోనే శిక్షణ ఇచ్చి, వాళ్లనే ఊళ్లకు పంతుళ్లుగా పంపారు. నాగరి లిపిలో గోండి వాచకాలు వేశారు.

ఆ పథకంలో వైకల్యం అన్న మాట లేదు. కానీ దాని పునాది సమ్మిళిత విద్య పునాదే. పిల్లవాడిలో లోపం వెతకలేదు. బడిలో ఉన్న లోపాన్ని సరిచేశారు. తర్వాత పాలకులు మారారు, రాష్ట్రాలు మారాయి. 1956 తర్వాత మన బడుల్లో తెలుగు మాధ్యమం స్థిరపడింది, గోండి వాచకాలు మూలన పడ్డాయి. మళ్లీ 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మాతృభాషా విద్యా కార్యక్రమం మొదలై, గోండి, కొలామీ, కోయ, సవర వంటి ఎనిమిది భాషల్లో తెలుగు లిపితో వాచకాలు వచ్చాయి. నడుమ రెండు తరాల పిల్లలు అర్థం కాని భాషలో అక్షరాలు దిద్దారు. వాళ్లలో ఎంతమందికి మొద్దు అన్న పేరు పడిందో ఏ రిజిస్టరులోనూ లేదు.

పట్నం వైపు నడిచిన చరిత్ర

వైకల్యం ఉన్న పిల్లల చదువు వేరే దారిలో నడిచింది. 1880లలో బొంబాయిలో బధిరులకు, 1887లో అమృత్‌సర్‌లో అంధులకు బడులు తెరిచారు. చాలాకాలం ఇటువంటి ప్రత్యేక బడులు పట్నాల్లోనే ఉన్నాయి. 1964-66 నాటి కొఠారి కమిషన్ ఈ పిల్లల చదువు సాధారణ విద్యలో విడదీయరాని భాగం కావాలని చెప్పింది. 1974లో కేంద్రం వారిని మామూలు బడుల్లో చేర్చే పథకం పెట్టింది. 1984లో సికింద్రాబాద్‌ మనోవికాస్‌నగర్‌లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ ఏర్పడింది. దాని పేరు ఇప్పుడు జాతీయ మేధో వైకల్య వ్యక్తుల సాధికారత సంస్థ. 1992లో పార్లమెంటు చేసిన చట్టంతో భారత పునరావాస మండలికి చట్టబద్ధత వచ్చింది. ప్రత్యేక విద్య చెప్పేవారు ఈ మండలి దగ్గర నమోదు కావాలి. 1995లో వికలాంగుల హక్కులకు మొదటి చట్టం వచ్చింది.

జిల్లాలకు ఈ గాలి డీపెప్‌తో వచ్చింది. 1996లో రాష్ట్రంలో డీపెప్ మొదలైన ఐదు జిల్లాల్లో గోదావరి ఆవలి ఒడ్డున ఉన్న కరీంనగర్ ఒకటి. సర్వశిక్షా అభియాన్ కాలంలో మండలాల్లో భవిత కేంద్రాలు, వాటిలో పనిచేసే ఐ.ఇ.ఆర్.పి.లు వచ్చారు. కదలలేని పిల్లల ఇళ్లకు వెళ్లి నేర్పేది వాళ్లే. చాలీచాలని జీతంతో వాళ్లు చేసే పనికి మనం దండం పెట్టాలి.

చూడండి, ఒక చరిత్ర భాష గురించి, ఇంకొకటి వైకల్యం గురించి. ఒకటి ఉట్నూరు వైపు నడిచింది, ఇంకొకటి సికింద్రాబాద్ వైపు నడిచింది. రెండూ కలుసుకోలేదు. వాటి నడుమ ఖాళీలో కూర్చున్నవాడే నా తరగతిలోని ఆ పిల్లవాడు.

కొలబద్ద ఎవరిది?

ఈ ఖాళీ ఎంత లోతో బుద్ధి పరీక్షల్లో కనిపిస్తుంది. 1905లో పారిస్‌లో ఆల్‌ఫ్రెడ్ బినె ఒక పరీక్ష తయారుచేశాడు. బడిలో అదనపు సాయం ఎవరికి కావాలో గుర్తించడమే దాని ఉద్దేశం. 1930లలో కామత్ అనే పండితుడు దాన్ని కన్నడ, మరాఠీ పిల్లలకు అనువుగా మలిచాడు. బినె-కామత్ పరీక్ష పేరు ఈ రంగంలో అందరికీ తెలుసు. ఆయన తన చుట్టూ ఉన్న పిల్లల భాషలో కొలబద్ద చేసుకున్నాడు, మంచిదే. కానీ ఆ కొలబద్దతో కొలామీ బిడ్డను కొలిస్తే వచ్చే అంకె ఆ బిడ్డ బుద్ధిని చెబుతుందా, కొలిచినవాడి భాషను చెబుతుందా? మాటలతో పనిలేని పరీక్షలూ ఉన్నాయి. చెక్కముక్కలను సరైన గళ్లలో అమర్చే పరీక్ష అలాంటిదే. ఎప్పుడు ఏది వాడాలో తెలియడమే చదువు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాల సంఖ్యను 7 నుంచి 21కి పెంచింది. అందులో మన ఇళ్లకు దగ్గరి మాట ఒకటుంది, సికిల్ సెల్ వ్యాధి. మన తెగల్లో ఇది ఎక్కువ. 2023 జూలైలో దీని నిర్మూలనకు జాతీయ కార్యక్రమం కూడా మొదలైంది. ఒళ్లు నొప్పులతో వారం వారం బడి మానే పిల్లవాణ్ణి సోమరి అని హాజరు పట్టీలో సున్నాలు చుడుతున్నాం. చట్టం ప్రకారం వాడికి సాయం అందాలి. ఈ సంగతి మన టీచర్లలో ఎందరికి తెలుసు? తెలిసినా, సదరం క్యాంపుకు బిడ్డను తీసుకుపోవాలంటే తల్లి ఒకరోజు కూలీ వదులుకోవాలి. ఆమెకు ఎందుకు వెళ్లాలో తన భాషలో చెప్పేవాళ్లు కావాలి.

పీజీ దాకా ఎందుకు వెళ్లాలి?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇక్కడ మీతో నేరుగా మాట్లాడాలి. ఏజెన్సీ టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో 3ను 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ గాయం మనకింకా మానలేదు. కానీ బిడ్డ భాష తెలిసిన టీచరు కావాలన్న మన వాదన దానితో చావలేదు. బిడ్డ భాష రావడం మనం అడిగే దయ కాదు, అది వృత్తి నైపుణ్యం. దాన్ని పరిశోధనతో రుజువు చేయాలి.

ఇదే కాలంలో ఇంకో తలుపు తెరుచుకుంది. 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు ప్రాథమిక స్థాయిలో 10 మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక ప్రత్యేక టీచరు, ఆపై తరగతుల్లో 15 మందికి ఒకరు ఉండాలని చెప్పింది. తెలంగాణ 2024 డీఎస్సీలో 11,062 పోస్టులుంటే, వాటిలో 796 ఎస్జీటీ, 220 స్కూల్ అసిస్టెంట్ పోస్టులు ప్రత్యేక విద్యవే.

దారి ఇది. ఇంటర్ తర్వాత ప్రత్యేక విద్యలో డిప్లొమా, లేదా డిగ్రీ తర్వాత బి.ఎడ్. (ప్రత్యేక విద్య). ఆపైన పీజీ, అంటే ఎం.ఎడ్. (ప్రత్యేక విద్య). మామూలు బి.ఎడ్. చేసినవారు ఎం.ఎడ్.లో సమ్మిళిత విద్యను ప్రత్యేకాంశంగా తీసుకోవచ్చు. మనోవికాస్‌నగర్‌లో మేధో వైకల్యానికే కాదు, వినికిడి లోపానికి సంబంధించిన అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా ఉంది. ప్రత్యేక విద్య కోర్సు ఏదైనా, చేరేముందు పునరావాస మండలి గుర్తింపు ఉందో లేదో తప్పక చూసుకోండి. గుర్తింపు లేని కాగితం ఉద్యోగానికి పనికిరాదు.

ఉద్యోగానికి డిప్లొమా చాలు కదా అంటారేమో. డిప్లొమా ఇతరులు తయారుచేసిన కొలబద్దను వాడటం నేర్పుతుంది. పీజీ కొత్త కొలబద్ద తయారుచేయడం నేర్పుతుంది. ఎం.ఎడ్.లో సొంతంగా ఒక పరిశోధన రాయాలి. గోండి, కొలామీ పిల్లలకు సరిపోయే అంచనా పద్ధతి ఏది? సికిల్ సెల్ పిల్లలకు పోయిన పాఠాలు ఎలా చెప్పాలి? మన పెద్దలు కథతో, పాటతో నేర్పే తీరు వినికిడి తక్కువైన బిడ్డకు ఎంతవరకు పనికొస్తుంది? ఇవన్నీ మన వాళ్ల కోసం ఎదురుచూస్తున్న పరిశోధనాంశాలు. రేపు టీచర్లకు శిక్షణ ఇచ్చేవారు, పాఠ్యపుస్తకాలు రాసేవారు పీజీలు చేసినవాళ్లలోంచే వస్తారు. అక్కడ మనవాళ్లు లేకపోతే మన బిడ్డల గురించి మళ్లీ వేరేవాళ్లే రాస్తారు.

నేనిప్పుడు జైపూర్‌లో ఉంటున్నాను. ఒకవైపు గోదావరి, ఇంకోవైపు బొగ్గు గనులు, పెగడపల్లిలో సింగరేణి వారి 1,200 మెగావాట్ల విద్యుత్ కేంద్రం. పనుల కోసం ఒడిశా, ఛత్తీస్‌గఢ్, బీహార్‌ల నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలూ బడికి వస్తారు. ఒక్క తరగతిలో నాలుగైదు ఇంటి భాషలు. మాట్లాడని పిల్లవాడు కనిపిస్తే ఇప్పుడు నేను ముందు వెనక నిలబడి చప్పట్లు కొట్టి చూస్తాను. తర్వాత వాళ్లమ్మను పిలిచి, ఇంట్లో ఏ భాషలో ఎలా మాట్లాడతాడని అడుగుతాను. పేరు పెట్టడం ఆ తర్వాతే. నాకున్న డిప్లొమాతో చేయగలిగింది ఇంతే. నలభై దాటినా డిగ్రీ పూర్తిచేసి ప్రత్యేక విద్యలో చేరాలనుకుంటున్నాను. మీకు నాకన్నా వయసు చేతిలో ఉంది.

ఆ కొలాం పిల్లవాడు ఐదో తరగతి దాటలేదు. ఇప్పుడు పత్తి చేలలో కూలికి పోతున్నాడు. దారిలో కనిపిస్తే వెనకనుంచి పిలవను. ఎదురుగా వెళ్లి నిలబడతాను. నవ్వుతాడు.