విననిదే శిక్ష లేదు: వినయ పిటకం నుంచి విశ్వవిద్యాలయం దాకా

విద్యాసంస్థల్లో క్రమశిక్షణ గురించి రాసేవారు సాధారణంగా బ్రిటిషు కాలం నుంచి మొదలుపెడతారు. బౌద్ధులమైన మనం వినయ పిటకం నుంచి మొదలుపెట్టాలి. భిక్షు సంఘం నివాసమూ, విద్యాలయమూ కూడా. అక్కడా తప్పులు జరిగాయి, శిక్షలు పడ్డాయి. అయితే శిక్ష ఎలా వేయాలో, ఎలా వేయకూడదో కూడా అక్కడే నిర్ణయించారు.

చుల్లవగ్గ మొదటి అధ్యాయం ప్రకారం, భిక్షువు ఎదుట లేకుండా, అతన్ని ప్రశ్నించకుండా, అతడు ఒప్పుకోకుండా వేసిన శిక్ష ధర్మవిరుద్ధం. గంభీరమైన చర్యకు ఒకసారి ప్రతిపాదన, మూడుసార్లు ప్రకటన ఉండాలి. అభ్యంతరం ఉన్న భిక్షువు లేచి చెప్పవచ్చు. నడవడి మార్చుకున్నవారిని సంఘం తిరిగి చేర్చుకోవాలి.

మహావగ్గ తొమ్మిదో అధ్యాయంలో కాశీ దేశపు వాసభ గ్రామం నుంచి కస్సపగోత్తుడనే భిక్షువు వస్తాడు. అతిథులుగా వచ్చిన భిక్షువులకు అతడు కొన్నాళ్లు అన్నీ అమర్చిపెట్టి, వాళ్లు కుదురుకున్నాక మానేశాడు. దాన్నే దోషమని వాళ్లు అతన్ని బహిష్కరించారు. అతడు చంపా నగరానికి నడిచివెళ్లి తథాగతునికి విన్నవించుకున్నాడు. తథాగతుడు దోషం లేదన్నాడు, ఆ చర్య చెల్లదన్నాడు. శిక్ష వేసినవాళ్లే తర్వాత వచ్చి తమ తప్పు ఒప్పుకున్నారు. పై మెట్టుకు అప్పీలు ఉండాలనీ, అధికారం కూడా తప్పు ఒప్పుకోవాలనీ దీని సారం.

మహావగ్గ పదో అధ్యాయంలోని కౌశాంబి కలహం దీనికి రెండో ముఖం. పాత్రలో మిగిల్చిన నీళ్ల దగ్గర మొదలైన తగవు బహిష్కరణకు దారితీసి సంఘాన్నే చీల్చింది. తొందరపడి శిక్షించవద్దని ఒక పక్షానికీ, దోషాన్ని ఒప్పుకొమ్మని రెండో పక్షానికీ తథాగతుడు చెప్పాడు.

భిక్షు సంఘాలకు సభా నియమాలు తెలుసని బాబాసాహెబ్ 1949 నవంబరు 25న రాజ్యాంగసభలో గుర్తుచేశారు. 1962లో ఘనశ్యామ్ దాస్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు అదే సూత్రాన్ని విద్యార్థులకు వర్తింపజేసింది: పరీక్షలో అక్రమం చేశారన్న ఆరోపణపై ఫలితాలు రద్దు చేసేముందు వారి మాట వినాలి. 1973లో హీరానాథ్ మిశ్రా కేసులో విద్యార్థినుల ఫిర్యాదు వచ్చినప్పుడు, వారి పేర్లు బయటపెట్టకుండానే విచారించవచ్చని అదే కోర్టు చెప్పింది. ఆరోపితుడి మాట వినడమూ, ఫిర్యాది భద్రతా రెండూ న్యాయమే.

సూత్రం ఉన్నంత మాత్రాన ఆచరణ ఉండదు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం 2002లో పదిమంది దళిత విద్యార్థులను రస్టికేట్ చేసింది. 2015 ఆగస్టులో జరిగిన ఒక గొడవపై మొదట వేసిన సస్పెన్షన్‌ను ఉపసంహరించి, మళ్లీ విచారణ జరిపి, డిసెంబరులో అంబేడ్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్‌కు చెందిన ఐదుగురు పరిశోధక విద్యార్థులను హాస్టల్ నుంచి వెళ్లగొట్టింది. తరగతులకు రావచ్చు; హాస్టళ్లకు, పరిపాలనా భవనానికి, విద్యార్థి సంఘ ఎన్నికలకు దూరం. ఇది ఊరి బయట ఉంచడం కాక ఏమిటి? అందుకే ఆరుబయట వేసుకున్న గుడారానికి వాళ్లు ‘వెలివాడ’ అని పేరు పెట్టారు. 2016 జనవరి 17న రోహిత్ వేముల ప్రాణం తీసుకున్నాడు. జనవరి 21న మిగతా నలుగురి సస్పెన్షన్ ఎత్తేశారు. నాలుగు రోజుల్లో ఎత్తేయగలిగిన శిక్షను నాలుగు రోజుల ముందు ఎత్తేయలేకపోయారు. ఆ ఏడాది ఏప్రిల్ 14న ఆయన తల్లి, తమ్ముడు ముంబయిలో ధమ్మదీక్ష తీసుకున్నారు.

మన బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లోని తెలుగు కుటుంబాలకు ఛార్జిషీటు అంటే ఏమిటో తెలుసు. 1968 నాటి క్రమశిక్షణ, అప్పీలు నియమాల ప్రకారం ట్రాక్ మీద పనిచేసే గ్యాంగ్‌మన్‌ను తొలగించాలన్నా మామూలుగా ఆరోపణ కాగితం మీద ఇవ్వాలి. జవాబుకు 10 రోజులు, విచారణలో తోటి ఉద్యోగి సాయం, అప్పీలుకు 45 రోజులు ఉంటాయి. ఆ గ్యాంగ్‌మన్ కూతురు ఈ ఊళ్లోనే గురు ఘాసీదాస్ పేరుగల కేంద్రీయ విశ్వవిద్యాలయంలో చదవవచ్చు, హైదరాబాద్‌లోనూ చదవవచ్చు. తండ్రికి ఉన్నపాటి రక్షణ ఆమెకు ఎందుకు ఉండకూడదు?

నోటీసు వస్తే భయపడి నోటిమాటతో సరిపెట్టుకోవద్దని మన పిల్లలకు చెబుదాం. ఆరోపణ రాతలో అడగాలి, సాక్ష్యాల నకళ్లు అడగాలి, జవాబు రాతలో ఇచ్చి రసీదు తీసుకోవాలి, అప్పీలు ఎవరికో తెలుసుకోవాలి. తప్పు నిజంగా చేసి ఉంటే ఒప్పుకోవాలి; అదీ వినయమే. ప్రతి విచారణ సంఘంలో ఎస్సీ, ఎస్టీ అధ్యాపకులు ఉండాలని, హాస్టల్ నుంచి తీసేసే ముందు ఉండటానికి చోటు చూపాలని మన సంఘాలు విశ్వవిద్యాలయాలను అడగాలి. కస్సపగోత్తుడికి నడిచివెళ్లడానికి చంపా ఉంది. మన పిల్లలకూ ఒక చంపా ఉండాలి.

నమో బుద్ధాయ. జై భీమ్.