రాజ్యాంగ సలహాదారు బెనెగల్ నరసింగరావుగారు

భారత రాజ్యాంగ నిర్మాణమనగానే మనకు డాక్టర్ అంబేద్కరుగారు జ్ఞప్తికి వచ్చెదరు. అది సముచితమే. కాని రచనాసంఘము ముందుంచబడిన తొలి ముసాయిదాను సిద్ధపరచినది సభలో సభ్యత్వము గాని, ఓటు గాని లేని ఒక ఉద్యోగి. ఆయనయే రాజ్యాంగ సలహాదారు సర్ బెనెగల్ నరసింగరావుగారు. వారి ఉద్యోగ జీవితములో అధికభాగము గడచినది ఈ వంగదేశమునను, పొరుగుననున్న అస్సామునందును. కావున వారి పూర్వచరిత్ర కలకత్తా ఆంధ్రులకు తెలిసికొనదగినది.

నరసింగరావుగారు 1887 ఫిబ్రవరి 26వ తేదీన దక్షిణ కన్నడ మండలమున ఒక సారస్వత బ్రాహ్మణ కుటుంబములో జన్మించిరి. ఇంటిభాష కొంకణి. తండ్రి బెనెగల్ రాఘవేంద్రరావుగారు పేరుగన్న వైద్యులు. ఆ యింట ధనము కంటె విద్యకే గౌరవ మెక్కువ. సోదరులలో రామారావుగారు ఐ.సి.యస్. లో చేరి, 1949 నుండి 1957 వరకు రిజర్వు బ్యాంకు గవర్నరుగా నుండిరి. అంత దీర్ఘకాలము ఆ పదవి నిర్వహించినవారు మరొకరు లేరు. మరొక సోదరుడు శివరావుగారు పత్రికారచయిత. రాజ్యాంగ సభలో సభ్యుడు. ఒకే సభకు అన్న సలహాదారు, తమ్ముడు సభ్యుడు అగుట అరుదైన విషయము.

ఆ కాలమున దక్షిణ కన్నడము కూడ మన సర్కారు జిల్లాలవలెనే చెన్నపురి రాజధానిలోనిది. మంగళూరు కెనరా హైస్కూలులో చదివిన ఈ బాలుడు 1901లో రాజధాని యంతటికిని ప్రథముడుగా నుత్తీర్ణుడయ్యెను. పిదప చెన్నపురి ప్రెసిడెన్సీ కళాశాలలో ఆంగ్లము, భౌతికశాస్త్రము, సంస్కృతము మూడింటను ప్రథమశ్రేణి నందెను. విద్యార్థి వేతనముపై కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలకేగి గణితము నభ్యసించి, 1909లో ఐ.సి.యస్. పరీక్షయందు కృతార్థుడయ్యెను. సంస్కృత వ్యాకరణము పదమునకు కొలత నేర్పును. గణితము తర్కమునకు క్రమము నేర్పును. శాసన రచనకు కావలసిన ఈ రెండు గుణములును ఆయనకు విద్యార్థి దశయందే యలవడెను.

ఆయనను ప్రభుత్వమువారు బెంగాలునకు పంపిరి. అప్పటికి కలకత్తాయే భారతదేశ రాజధాని. బంగ విభజన గాయము ఇంకను మానలేదు. ఆయన తూర్పు బెంగాలు జిల్లాలలో న్యాయాధికారిగా పనిచేసి, 1925లో అస్సాము ప్రభుత్వ న్యాయశాఖకు మారి, సుమారు ఎనిమిదేండ్లు శాసనముల ముసాయిదా పని నిర్వహించిరి. 1935 నాటి ఇండియా ప్రభుత్వ చట్టమునకు సంబంధించిన కార్యము తరువాత, 1939లో కలకత్తా హైకోర్టు న్యాయమూర్తియైరి. 1941లో నియమింపబడిన హిందూ ధర్మశాస్త్ర సంఘమునకు ఆయనయే అధ్యక్షుడు. 1956లో మన ఆడుబిడ్డలకు తండ్రి యాస్తిలో హక్కు నిచ్చిన వారసత్వ చట్టమునకు మూలము ఆ సంఘము చేసిన శ్రమలో నున్నది.

1946 జూలైలో రాజ్యాంగ సలహాదారుగా నియుక్తులై, 1947 అక్టోబరు నాటికి 243 అధికరణములు, 13 షెడ్యూళ్లు గల ముసాయిదాను పూర్తిచేసిరి. అది అనేక సంస్కరణలు పొంది, తుదకు 395 అధికరణముల రాజ్యాంగమయ్యెను. ఈ మహాకార్యమునకు ఆయన వేతనము గైకొనలేదు. 1949 నవంబరులో సభ ముగియు సమయమున అంబేద్కరుగారును, రాజేంద్రప్రసాదుగారును ఆయన సేవను ప్రత్యేకముగా స్మరించిరి. తదుపరి ఐక్యరాజ్యసమితిలో భారత ప్రతినిధిగాను, 1952 నుండి హేగ్ అంతర్జాతీయ న్యాయస్థాన సభ్యుడుగాను ఉండి, 1953 నవంబరు 30న జూరిచ్ నగరమున పరమపదించిరి.

నేడు ఆయన పేరెరిగినవారు తక్కువ. సలహాదారుని ధర్మమే యట్టిది: తాను వ్రాసినది పరులు దిద్దుదురు, పరులు సమర్థింతురు, పరుల పేర నిలుచును. కచేరీలలో ప్రతిదినము ఫైళ్లపై నోట్లు వ్రాయు మనకు ఈ సంగతి క్రొత్త కాదు. మన సంతకము చివరి పుటలో నుండకపోవచ్చును. అయినను మొదటి ముసాయిదా నిర్దుష్టముగా నున్ననే తుది శాసనము బలముగా నిలుచును. ఇల్లు విడిచి, భాష మారిన దూరదేశమున ముప్పదియేండ్లకు పైగా పనిచేసిన నరసింగరావుగారి జీవితము మనకు బోధించునది ఇదియే.