రెక్కలు రాల్చిన రాణులు

కెన్యాలో మార్చి నుంచి మే దాకా పెద్ద వానల కాలం. రిఫ్ట్ లోయ గడ్డినేలలు నాని మెత్తబడతాయి. గిల్‌గిల్ చుట్టుపక్కల వాన వెలిసిందంటే చీమల పుట్టల నోళ్ళ దగ్గర సందడి మొదలవుతుంది. పనిచీమలు దారి ఇస్తుంటే రెక్కల చీమలు ఒక్కొక్కటే బయటికొస్తాయి. అందులో ఎర్రగా, నిండుగా, సుమారు రెండు సెంటీమీటర్ల పొడవున్నవి కాబోయే రాణులు. మెస్సర్ సెఫలోటెస్ అనే పెద్ద గింజల చీమ జాతి అది. ఆ రాణి బతుకులో ఎగరడం ఒక్కసారే.

గాలిలోకి లేస్తుంది, మగచీమలతో జత కడుతుంది. మగవాటి కథ అక్కడితో సరి. వాటి నుంచి అందిన బీజాన్ని రాణి కడుపులో భద్రపరచుకుంటుంది. బతికినన్నాళ్ళూ పెట్టే గుడ్లకు అదే ఆధారం. నేలకు దిగాక తన రెక్కలు తానే విరిచేసుకుంటుంది. ఇక ఆకాశంతో పని లేదు. మెత్తని మట్టిలో గొయ్యి తవ్వుకుని, లోపలికి దిగి, పైన ద్వారం మూసేసుకుంటుంది. ఈలోగా పక్షులు, బల్లులు, పరాయి చీమలు ఏరుకు తినగా మిగిలేవి కొన్నే.

ఆ చీకటి గదిలో రాణికి తిండి ఉండదు. ఎగరడానికి పనికొచ్చిన కండరాలే కరిగి ఆహారమవుతాయి. ఆ బలంతోనే గుడ్లు పెడుతుంది, పిల్లలను సాకుతుంది. వారాల తర్వాత మొదటి పనిచీమలు లేస్తాయి. అరకొర తిండితో పెరిగినవి కనుక చిన్నవిగా ఉంటాయి. అవే ద్వారం తెరిచి, గడ్డిగింజలు మోసుకొచ్చి, నమిలి ముద్ద చేసి తల్లికి పెడతాయి. పుట్ట పుట్టడమంటే అదీ. మోసుకెళ్తూ జారవిడిచిన గింజలు మళ్ళీ మొలకెత్తి ఆ నేలకు గడ్డినిస్తాయి.

2025 ఏప్రిల్‌లో ఈ క్రమం తెగింది. నైవాషాలోని ఒక అతిథిగృహంలో బెల్జియం నుంచి వచ్చిన ఇద్దరు టీనేజీ కుర్రాళ్ళు పట్టుబడ్డారు. వాళ్ళ దగ్గర సుమారు 5,000 రాణి చీమలు ఉన్నాయి. వాటిని 2,244 గొట్టాల్లో కుక్కి, దూది పెట్టి మూశారు. అందులో అవి రెండు నెలలు ప్రాణాలతో ఉంటాయని వన్యప్రాణి అధికారులు చెప్పారు. మరో కేసులో ఒక వియత్నాం పౌరుడు, ఒక కెన్యా పౌరుడు 400కు పైగా చీమలతో దొరికారు. ఈ జాతి రాణి ఒక్కొక్కటి బ్రిటన్‌లో 170 పౌండ్ల దాకా పలుకుతుందని అప్పటి వార్తలు చెప్పాయి. యూరప్, ఆసియా దేశాల్లో చీమలను పెంచేవాళ్ళే ఆ సరుకుకు గిరాకీ.

పెంచేవాళ్ళలో చెడ్డవాళ్ళెవరూ లేకపోవచ్చు. వాళ్ళది ఎదురుచూపు. గాజు గొట్టం అడుగున నీళ్ళు, వాటికి అడ్డంగా తడి దూది, ఈ చివర పొడి దూది. మధ్యలో రాణి. చీకటి కోసం గొట్టానికి గుడ్డ చుడతారు. వారం ఓపిక పట్టి గుడ్డ తొలగిస్తే తడి దూది పక్కన రవ్వంత తెల్లని గుడ్ల గుత్తి. చూసేవాడి గుండె ఉప్పొంగుతుంది. వెలుతురు పడగానే రాణి ఆ గుత్తిని కోరల మధ్య పట్టుకుని గాజు గోడ వెంట అటూ ఇటూ పరుగెడుతుంది. తవ్వడానికి మట్టి లేదు, దాక్కోవడానికి చోటు లేదు. మళ్ళీ చూసేసరికి గుడ్లు ఉండకపోవచ్చు. కలత చెందిన రాణి తన గుడ్లు తానే తినేస్తుంది. క్రూరత్వంతో కాదు, మిగిలిన కాస్త బలం వృథా పోకూడదని. మళ్ళీ గుడ్లు పెట్టినా ఈసారి తక్కువే. కరిగించుకోవడానికి కండ మిగలనిదాకా ఇది సాగుతుంది. దూది పసుపు రంగుకు తిరుగుతుంది, బూజు పడుతుంది. ఒకనాడు మీసాలు కదలడం ఆగిపోతుంది.

పెంచే మనిషి శ్రద్ధ వల్ల కొన్ని గొట్టాల్లో పుట్టలు నిలబడతాయన్నది నిజమే. ఒక నల్ల తోటచీమ రాణి పెంపకంలో 28 ఏళ్ళకు పైగా బతికిన ఉదంతం ఉంది. కానీ ఆ లెక్కే మనల్ని బాధపెట్టాలి. అంత ఆయుష్షు దాగిన ప్రాణులను సామాన్లలో వేసి ఖండాలు దాటించాలనుకున్నారు. దారిలో పోయేవాటికి లెక్క ఉండదు. బతికి బయటపడ్డవి పరాయి నేలలో తప్పించుకుంటే అక్కడి చీమలకు ముప్పు.

2025 మే 7న నైరోబీ విమానాశ్రయ న్యాయస్థానంలో మేజిస్ట్రేట్ న్జేరి తుకు తీర్పు చెప్పారు. సరదా కోసం సేకరించాం, నేరమని తెలియదు అన్నారు కుర్రాళ్ళు. వేల సంఖ్యలో రాణులు దొరికినప్పుడు అది సరదా అనిపించుకోదని న్యాయస్థానం భావించింది. నలుగురికీ తలా పది లక్షల కెన్యా షిల్లింగుల జరిమానా, కట్టకుంటే ఏడాది జైలు. ఏనుగు దంతాలకు, ఖడ్గమృగం కొమ్ములకు అలవాటుపడిన చట్టం చీమ పక్షాన నిలబడటం చిన్న విషయం కాదు. కెన్యాకు ఆ ఘనత దక్కాలి.

అయినా జరిమానా పుట్టలు కట్టదు. రాణి పోతే, పుట్టబోయే పుట్టంతా పోయినట్టే. విత్తనానికి దాచిన గింజలు ఎత్తుకుపోతే మరుసటి ఏడు చేలో ఏం మొలుస్తుంది? సహజంగా చచ్చిపోయే రాణులే ఎక్కువ కదా అని కొందరంటారు. నిజమే. అవి పక్షికో బల్లికో ఆహారమై ఆ నేలలోనే కలుస్తాయి. గొట్టంలో చచ్చిన రాణి ఏ ప్రాణికీ ఆకలి తీర్చదు.

చీమలంటే ఇష్టం ఉన్న పిల్లలకు, వాళ్ళ తల్లిదండ్రులకు ఒక్క మాట. తొలకరికి మన ఊళ్ళలోనూ రెక్కల చీమలు లేస్తాయి. వాటిని కళ్ళారా చూడండి, ఏ పుట్ట నుంచి ఎప్పుడు లేచాయో రాసిపెట్టుకోండి. దూరదేశపు రాణిని మాత్రం డబ్బిచ్చి కొనకండి. కొనేవాళ్ళు లేకపోతే పట్టేవాళ్ళూ ఉండరు.